లైటు వెలిగితే తీగ బాగున్నట్టేనా?

సముద్రం అడుగున ఎన్ని వేల కిలోమీటర్లు నడిచొచ్చిన కేబులైనా చివరికి ఏదో ఒక గదిలో ఎనిమిది సన్నని తీగల దగ్గరికి చేరాల్సిందే. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతామనీ, సముద్రగర్భ కేబుళ్లను ఈ తీరానికి తెస్తామనీ ప్రకటించింది. అప్పటి నుంచి ఆ వేల కిలోమీటర్ల గురించి చాలా మాటలు వినపడుతున్నాయి, చివరి వంద మీటర్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. విశాఖ పక్కనే ఉన్న భీమునిపట్నంలో, అదే భీమిలిలో, జనం అనుభవంలోకి వచ్చేది ఆ వంద మీటర్లే: బీచ్ రోడ్డు లాడ్జీలో వైఫై పెట్టె, బడిలో కంప్యూటర్ గది, సచివాలయంలో కౌంటరు, కిరాణా కొట్టు గుమ్మం మీద సీసీ కెమెరా. ఆ తీగను వాడకంలోకి తెచ్చేముందు చేతిలో ఇమిడే టెస్టర్‌తో పరీక్షించాలా, అక్కర్లేదా అన్నదే ఇక్కడి వాదన. వాదించే ఇద్దరినీ నేనే కల్పించాను. మేస్త్రి ఊళ్లో ఇంటర్నెట్, కెమెరా కేబుళ్లు లాగే మనిషి. మాస్టారు కుర్రాళ్లకు ఆ పని నేర్పే మనిషి. నేను మాస్టారి పక్షం. అయినా మేస్త్రి మాట తోసిపుచ్చదగ్గది కాదు కాబట్టి ముందు అతన్నే మాట్లాడనిస్తాను.

మేస్త్రి: మాస్టారూ, కోప్పడకుండా వినండి. కేబుల్ లాగాను, రెండు కొసలకీ జాక్ కొట్టాను, స్విచ్‌లో పెట్టాను, పచ్చలైటు వెలిగింది, ఇంటాయన ఫోనులో వీడియో ఆడింది. ఇంతకంటే పెద్ద పరీక్ష ఇంకేముంటుంది? తీగ ఎందుకు వేశామో ఆ పని అది చేస్తోంది కదా. దాన్ని మళ్లీ పీకి, ఈ కొసకి టెస్టర్, ఆ కొసకి దాని రిమోట్ ముక్క తగిలించి, ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నాకు తెలిసే కొత్త సంగతేమిటి? మీరు నేర్పే కుర్రాళ్లకైతే అది అవసరమే, వాళ్లకి రంగుల వరస చేతికి ఎక్కాలి. ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాడికి వేళ్లే చెప్పేస్తాయి.

మాస్టారు: పచ్చలైటు అబద్ధం చెప్పదు మేస్త్రిగారూ. కాకపోతే అది చెప్పేది చాలా తక్కువ. ఎనిమిది తీగలంటే నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్ వేగానికి వాటిలో రెండు జతలు చాలు, 1, 2, 3, 6 పిన్నులు కలిస్తే పని జరిగిపోతుంది. బ్లూ జత, బ్రౌన్ జత తెగి ఉన్నా ఆ వేగంలో వీడియో శుభ్రంగా ఆడుతుంది. గిగాబిట్‌కి మాత్రం నాలుగు జతలూ కావాలి. ఒక జత దొరక్కపోతే చాలా స్విచ్‌లు మాటా పలుకూ లేకుండా 100కి దిగిపోతాయి, కొన్నయితే అసలు కలవనే కలవవు. ఇవాళ ఇంటాయన తీసుకున్నది 100 ప్లానైతే తేడా ఆయనకూ తెలీదు, మీకూ తెలీదు. ఏడాది తర్వాత ఆయన 300 ప్లానుకు మారితే బిల్లు పెరుగుతుంది, వేగం ఉన్నచోటే ఉంటుంది. ఆయన కంపెనీని తిడతాడు, కంపెనీ పెట్టె మార్చమంటుంది. జాక్ లోపల సగమే దిగిన ఒక్క బ్లూ తీగ వైపు ఎవరి చూపూ పోదు. కెమెరా సంగతి ఇంకా స్పష్టం. 12 వోల్టుల కరెంటును ఇదే కేబుల్లో మిగిలిన రెండు జతల మీద పంపిస్తారు కదా. 40 మీటర్ల దూరం, మంచి రాగి తీగ, కెమెరా 1 ఆంపియర్ తీసుకుందనుకోండి, దారిలోనే సుమారు మూడున్నర వోల్టులు పోతాయి. తీగ నాసిరకమైతే ఐదుకు పైనే పోతాయి. పగలు దాని వాడకం తక్కువ కాబట్టి మీరు బిగించినప్పుడు బాగానే ఉంటుంది. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగాక ఆగుతూ లేస్తూ ఉంటుంది. పనిచేస్తున్న లైను తన లోపాన్ని నెలల తరబడి దాచుకోగలదు. ఆ లోపం బయటపడే రోజున అక్కడ ఉండేది మీరు కాదు, దాన్ని పట్టుకోవడం చేతకాని మనిషి.

మేస్త్రి: రాత్రి ఆగిపోయే కెమెరాలు నాకు కొత్త కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మాస్టారూ, మీ వాదన మీ టెస్టర్‌నే పడగొట్టింది. ఆ 40 మీటర్ల నాసిరకం తీగకి నేను కొన్ని వందల రూపాయల టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. వోల్టులు తగ్గుతాయని అది చెప్పదు. వేగం పడిపోతుందనీ చెప్పదు. చెప్పగలిగే మిషన్లు లక్షల్లో ఉంటాయి, పెద్ద ఆఫీసుల పని పట్టేవాళ్లు తెచ్చుకుంటారు. నా దగ్గరుండేది సరిగా చెప్పదు, సరిగా చెప్పేది నేను కొనలేను. అలాంటప్పుడు పరీక్ష పేరుతో ఆ లైట్లు చూపించి ఇంటాయన్ని నమ్మించడం కంటే నా చేతిని నమ్ముకోవడమే నిజాయితీ కాదా?

మాస్టారు: మీ మాటల్లో బరువైనది ఇదే, దీనికి తిన్నగా జవాబు చెప్పాలి. చిన్న టెస్టర్ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పిన్నులో వేసింది ఆ కొసన అదే పిన్నుకి చేరిందా? తెగిన తీగ, రెండు తీగలు ఒకదానికొకటి తగలడం, వరస తప్పడం, ఇవి దానికి దొరుకుతాయి. అంతకు మించి దాన్ని నమ్మితే తప్పు మనదే. అది చూడలేనివాటిలో మొదటిది జతలు చీలిపోవడం. కొందరు కుర్రాళ్లు చేసే పని చూడండి: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్ అని చూడ్డానికి ముచ్చటైన వరసలో రెండు కొసలా కొట్టేస్తారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ సరిగ్గా వెలుగుతాయి. కానీ స్విచ్ 3, 6 పిన్నుల్ని ఒక జతగా వాడుతుంది. ఈ వరసలో 3లో ఉన్నది వైట్ గ్రీన్, 6లో ఉన్నది బ్లూ. ఒకదానితో ఒకటి మెలిపెట్టుకోని రెండు తీగలు జతగా పనిచేయాల్సి వస్తోంది. జతను మెలిపెట్టేదే పక్క జత సందడి దీనిలోకి రాకుండా ఉండటానికి, ఆ రక్ష పోయింది. తరగతిలో హాజరు పిలిస్తే ఎనిమిది మందీ పలుకుతారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో హాజరు పట్టీకి తెలీదు. సరైన వరసలో వైట్ గ్రీన్ తర్వాత బ్లూ, వైట్ బ్లూ వచ్చి, ఆరో చోట గ్రీన్ రావాలి. దీన్ని పట్టుకోడానికి లక్షల మిషన్ అక్కర్లేదు. జాక్ గాజులా కనిపించే ప్లాస్టిక్, వెలుతురులో పెట్టి రంగులు చదవండి. ఎనిమిది రాగి కొసలూ ముందు గోడకు ఆనాయా, పైపొర జాక్ లోపలి దాకా వెళ్లిందా, మెలి విప్పింది 13 మిల్లీమీటర్లు దాటిందా, అన్నీ కంటికి కనిపిస్తాయి. టెస్టర్ చూడలేనిది కన్ను చూస్తుంది, కన్ను చూడలేని తెగిన తీగను టెస్టర్ చూస్తుంది. ఒకటి తక్కువైందని రెండూ వదిలేయడం న్యాయం కాదు.

మేస్త్రి: రంగులు చదవడం నేనూ చేస్తాను. తీగ నాసిరకమో కాదో కన్ను ఎలా చెబుతుంది? పెట్టె మీద క్యాట్ 6 అని అచ్చు ఉంటుంది, నమ్మి కొంటాం.

మాస్టారు: అచ్చును నమ్మకండి, రెసిస్టెన్స్‌ను నమ్మండి. రాగి పూసిన అల్యూమినియం తీగని సీసీఏ పేరుతో చవగ్గా అమ్ముతున్నారు, కొన్నిసార్లు ఆ పేరు కూడా చెప్పకుండా అమ్ముతున్నారు. నెట్‌వర్క్ కేబుల్ ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు, రాగే ఉండాలంటాయి. బ్లేడుతో తీగ కొసను గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. ఇంకా గట్టి రుజువు మీ సంచీలో ఉన్న మల్టీమీటరే ఇస్తుంది. జాక్ కొట్టకముందు అవతలి కొసన ఒక జత తీగలు రెండూ కలిపి మెలేయండి. ఇవతలి కొసన ఆ రెంటి మధ్య ఓములు చూడండి. మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి తాకిస్తే వచ్చే చిన్న అంకెను తీసేయండి. కేబుల్ పైపొర మీద అచ్చువేసి ఉండే మీటర్ల గుర్తుల నుంచి పొడవు తెలుస్తుంది. 24 గేజ్ రాగి తీగ 100 మీటర్లకు సుమారు 8.4 ఓములు, కాబట్టి 40 మీటర్లకు పోనూ రానూ 7 లోపు రావాలి. 10 దాటిందంటే అది రాగి కాదు, లేదా మధ్యలో ఎక్కడో అతుకు ఉంది. ఈ ఆలోచన నాది కాదు. అట్లాంటిక్ సముద్రం కింద తొలి టెలిగ్రాఫ్ కేబుల్ తయారవుతున్న 1857లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, బజార్లో రాగి పేరుతో అమ్మే తీగల్ని కొలిచి చూశాడు. అన్నీ రాగే, కానీ కరెంటు మోసే శక్తిలో వాటి మధ్య చాలా తేడా ఉంది. పేరు ఒకటే అయినా తీగ ఒకటి కాదని కొలత చెప్పింది. అప్పటి నుంచి రాగి నాణ్యతను కొలిచి తీసుకోవడం కేబుల్ పనిలో భాగమైంది.

మేస్త్రి: బాగుంది, కొలతకి నాకు అభ్యంతరం లేదు. కానీ మీరు జాగ్రత్తల పేరుతో చెప్పే తంతు ఉందే, రెండు కొసలూ పీకాలి, స్విచ్ ఆపాలి, ముందు వోల్టులు చూడాలి, అదే నాకు ఎక్కదు. ఇది కరెంటు వైరు కాదు కదా. ఇంట్లో 230 వోల్టుల పని చేసేవాణ్ణి, ఈ సన్నతీగకి భయపడమంటారా? స్విచ్‌లో ఉన్న కొసను అలాగే ఉంచి ఇవతల టెస్టర్ గుచ్చి చూస్తే నిమిషంలో పని అయిపోతుంది.

మాస్టారు: భయపడమనడం లేదు, వరస పాటించమంటున్నాను. ఇప్పుడు ఈ సన్నతీగలో కరెంటు కూడా పోతోంది. 2003లో వచ్చిన పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక పోర్టు నుంచి 15.4 వాట్లు, 2009 నాటికి 30, 2018 నాటికి 90 వాట్ల దాకా ఇవ్వొచ్చు, అదీ 48 వోల్టులకు అటూ ఇటూ. ప్రమాణం పాటించే స్విచ్ అవతల తగిన పరికరం ఉందో లేదో తడిమి చూసి అప్పుడే కరెంటు వదులుతుంది. బజార్లో దొరికే చవక ఇంజెక్టర్లు తడమవు, ఎప్పుడూ వదులుతూనే ఉంటాయి. మీ టెస్టర్ లోపలుండేది 9 వోల్టుల బ్యాటరీకి సరిపడే సర్క్యూట్. దాన్ని అలాంటి తీగకి గుచ్చితే కాలిపోవచ్చు. అంతకంటే చేటు, సగం కాలి తప్పుడు లైట్లు చూపిస్తూ బతకొచ్చు. పాత ల్యాండ్‌లైన్ తీగ ఇదే రకం సాకెట్లో ఉంటే మామూలప్పుడు 48 వోల్టులు ఉంటుంది, గంట మోగేటప్పుడు అంతకంటే ఎక్కువ ఏసీ వస్తుంది. 48 వోల్టులకు ప్రాణం పోతుందని చెప్పి మిమ్మల్ని బెదిరించను. నిచ్చెన మీద, ఉప్పు చెమట పట్టిన చేతికి చురుక్కుమంటే చెయ్యి వదిలేస్తారు, ప్రమాదం అక్కడుంది. అసలు ప్రాణాపాయం 230 వోల్టులది. గోడకి మేకు దిగినచోట, కరెంటు వైరున్న పైపులోంచే ఈ కేబుల్ కూడా లాగినచోట, స్తంభం మీద రెండూ రాసుకున్నచోట ఫేజు ఈ తీగలోకి రావొచ్చు. ఈ తీగను చూసి ఎవరూ జంకరు, అందుకే అది మరీ ప్రమాదం. కాబట్టి రెండు కొసలూ ఊడదీయాలి. మీటరు ఏసీలో పెట్టి ఒక్కో తీగకీ ఎర్తుకీ మధ్య చూడాలి, తర్వాత డీసీలో తీగల మధ్య కూడా చూడాలి. ఏమీ లేదని తేలాకే ఓములు, ఆ తర్వాతే టెస్టర్. ఓముల్లో ఉన్న మీటరుకి వోల్టులు తగిలితే మీటరూ పోతుంది.

మేస్త్రి: ఏసీలో పెడితే ఊరికే పది, ఇరవై, నలభై వోల్టులు చూపిస్తుంది మాస్టారూ. రెండు కొసలూ గాల్లో ఉన్న తీగకి కూడా చూపిస్తుంది. అది చూసి ఆగిపోతే ఏ పనీ కాదు.

మాస్టారు: నిజమే, చూపిస్తుంది. కరెంటు వైరు పక్కనే చాలా దూరం సాగిన తీగ మీద అలాంటి వోల్టేజి కనిపిస్తుంది, దాని వెనక బలం ఉండదు. డిజిటల్ మీటరు చాలా తక్కువ కరెంటుతో కొలుస్తుంది కాబట్టి ఆ నీడ కూడా అంకెలా కనబడుతుంది. కానీ నీడ ఏదో, తగులుకున్న ఫేజు ఏదో అంకెను చూసి చెప్పలేం. ఆ లైను వెంబడి ఉన్న కరెంటుకి ఎంసీబీ దించి మళ్లీ చూడండి. అంకె పోయిందంటే అది వస్తున్న చోటు తెలిసింది. కానీ తగిలి ఉన్న ఫేజైనా అలాగే పోతుంది. కాబట్టి ఎంసీబీ దించే ఉంచి, ఆ రెండూ కలిసి నడిచిన దారంతా కంటితో చూడండి, మేకు దిగిందా, పైపొర చిట్లిందా అని. చూసేదాకా అది బతికున్న తీగే. స్తంభం మీదైతే ఇది కూడా మన పని కాదు. ఆ స్తంభం తూర్పు డిస్కం వాళ్లది, వాళ్ల అనుమతి, ఎల్‌సీ (లైన్ క్లియర్) లేకుండా ఎక్కకూడదు. ఉరుములు మొదలైతే బయటి లైను ముట్టుకోకూడదు. రెండు భవనాల మధ్య అసలు రాగి వేయకుండా ఫైబర్ వేస్తే ఈ బాధల్లో సగం తప్పుతుంది, గాజు కరెంటు మోయదు. కొలవకుండా ఎక్కించిన వోల్టేజి తీగనే పాడుచేసిన కథ కూడా ఒకటుంది. 1858 ఆగస్టు 5న ఐర్లండ్‌కీ న్యూఫౌండ్‌లాండ్‌కీ మధ్య అట్లాంటిక్ కేబుల్ పూర్తయింది. విక్టోరియా రాణి సందేశం దాటడానికి సుమారు 16 గంటలు పట్టింది. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ సంకేతాలు గట్టిపడతాయని సుమారు 2,000 వోల్టుల దాకా ఎక్కించాడు. నెల తిరిగేసరికి కేబుల్ పోయింది. తీగ ముందే బలహీనంగా ఉందని, ఆ వోల్టేజి లేకపోయినా ఎక్కువ రోజులు బతికేది కాదని అనేవాళ్లు ఉన్నారు, అది నిజమే కావచ్చు. అయితే ఆ బలహీనతను కొలిచి చూసుకుని ఉంటే ఎవరూ అంత వోల్టేజి ఎక్కించే సాహసం చేసేవారు కాదు. 1866లో నిలబడ్డ కేబుల్‌ని ఓడ మీంచి వేస్తున్నంతసేపూ అతి చిన్న కరెంటుతో పరీక్షిస్తూనే వేశారు.

ఇక్కడ ఇద్దరి మధ్యా ఒక మాట చెప్పాలి. టెస్టర్ ఎక్కువ చెప్పదని మేస్త్రి అన్నది సరైనదే. నేను మాస్టారి వైపు మొగ్గడానికి కారణం టెస్టర్ గొప్పతనం కాదు. కరెంటు లేని తీగ మీద, వాడకానికి ముందు, కొలిచి చూడటం వల్ల తప్పు దాన్ని చేసినవాడి చేతిలో ఉండగానే దొరుకుతుంది. సరిదిద్దడం సులువయ్యేది అప్పుడే. మేస్త్రి దగ్గర ఇంకో అభ్యంతరం ఉంది, అది ఈ ఊరి గాలిలోంచి పుట్టింది.

మేస్త్రి: ఇదంతా ఒప్పుకున్నా భీమిలిలో చెల్లదు మాస్టారూ. సముద్రం గాలి. డాబా మీది జాక్ ఏడాది తిరిగేలోగా ఆకుపచ్చగా చిలుం పడుతుంది. ఇవాళ 7 ఓములు వచ్చిన తీగకి ఆరు నెలల తర్వాత ఎంత వస్తుందో ఎవరు చెప్పగలరు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వస్తే స్తంభాలే కూలిపోయాయి, మీ కాగితం ఎక్కడ మిగులుతుంది? పాడయ్యేదాన్ని ముందే కొలిచి లాభమేమిటి?

మాస్టారు: పాడవుతుంది కాబట్టే మొదటి కొలత కావాలి. ఆరు నెలల తర్వాత 11 ఓములు వచ్చాయనుకోండి. మొదటి రోజు 7 అని రాసి ఉంటే, తీగ అదే, పొడవూ అదే, కాబట్టి తప్పు జాక్ దగ్గరో అతుకు దగ్గరో ఉందని తెలుస్తుంది. రెండు జాక్‌లు కోసి కొత్తవి కొడితే అయిపోతుంది. మొదటి అంకె లేకపోతే ఆ 11 ఏమీ చెప్పదు. తీగ నాసిరకమా, పొడవు ఎక్కువా, చిలుమా, మూడింటికీ అదే అంకె రావొచ్చు. అప్పుడు గోడ తవ్వి మొత్తం కేబుల్ మారుస్తారు, లేదా మార్చకుండా ఇంటాయన్ని తిప్పిస్తారు. కాగితం కొట్టుకుపోతుందంటారు, కేబుల్ కొస మీద తెల్ల టేపు చుట్టి చెరగని పెన్నుతో తేదీ, పొడవు, ఓములు రాయండి, ఫోనులో ఫొటో తీసుకోండి. తుపాను తర్వాత ఊరంతా హడావిడిగా తీగలు కలిపే రోజుల్లో ఆ ఫొటోనే పనికొచ్చేది. అప్పుడు తప్పులు ఎక్కువ జరుగుతాయి, ఎవరి తప్పు ఎక్కడుందో గుర్తుండదు. ఉప్పుగాలి మీ వాదనకి ఎంత బలమిచ్చిందో నా వాదనకీ అంతే ఇచ్చింది.

మేస్త్రి: ఇక డబ్బు మాట. ఈ పరీక్షకి ఎవరు ఇస్తారు? ఇంటాయన పాయింటుకి ఇంత అని బేరమాడతాడు. పక్కవాడు పరీక్ష చేయడు, నాకంటే తక్కువకి ఒప్పుకుంటాడు. నేను కొలుచుకుంటూ ఉంటే అతను ఇంకో ఇల్లు పూర్తి చేసుకుంటాడు.

మాస్టారు: ఆ పోటీ నిజమే, దాన్ని నేను మాటలతో తీసేయలేను. రెండు సంగతులు మాత్రం చూడండి. పాయింటుకి పరీక్ష పట్టేది కొద్ది నిమిషాలు. డాబా మీది కెమెరా రాత్రి ఆగిందని ఫోన్ వస్తే మళ్లీ బండి తీసి వెళ్లాలి, నిచ్చెన వేయాలి, అదీ ఉచితంగా. రెండోది, బడులూ ఆఫీసులూ టెండరు మీద ఇచ్చే పనిలో ప్రతి పాయింటుకీ పరీక్ష అంకె రాసి ఇవ్వాలని షరతు పెడితే పక్కవాడూ కొలవక తప్పదు. ఆ షరతు పెట్టాల్సింది పని చేయించుకునేవాళ్లు. ఇళ్లలో మాత్రం ఇంకొన్నాళ్లు మీ చొరవ మీదే ఉంటుంది.

మేస్త్రి: రాసిన దాని కింద నా పేరుంటే, రేపు ఇంకెవడో జాక్ మార్చి చెడగొట్టినా నా మీదికే వస్తుంది.

మాస్టారు: తేదీ ఉంటుంది కదా. మార్చినవాడు కొలిచి తన అంకె మీ అంకె కింద రాయాలి. రాయకపోతే మీ అంకె మీకు సాక్ష్యం.

మేస్త్రి: అయితే ఇంకోటి కూడా రాస్తాను. రాగి అని చెప్పి అల్యూమినియం అంటగట్టిన కొట్టు బిల్లు నంబరు.

మాస్టారు: రాయండి, తప్పకుండా రాయండి. కాకపోతే అది గోడలోకి దూరాక కాదు. కొత్త బాక్సు విప్పగానే కొసను బ్లేడుతో గీకండి. లోపలి కొస కూడా చేతికి దొరికితే బాక్సులోని మొత్తం 305 మీటర్లకూ పోనూ రానూ ఓములు కొలవండి, రాగి అయితే 51 ఓములకు అటూ ఇటూ వస్తుంది, సీసీఏ అయితే 80 దగ్గరికి పోతుంది. తేడా ఉంటే కోయకముందే బాక్సు వెనక్కి ఇచ్చేయండి.

మేస్త్రి: అది రేపే చేస్తాను, ఎందుకంటే అందులో నా డబ్బు ఉంది. ఇళ్లలో పాయింటు పాయింటుకీ వోల్టులు, ఓములు రాయడం సంగతి మాత్రం ఇంకా ఆలోచించాలి. ముందు పీఓఈ ఉన్న లైన్లకీ, డాబా మీది లైన్లకీ మొదలుపెడతాను.